పెద్దకార్డు, పేదకార్డు

వెర్నా హోర్న్యాక్ ఎడమచేతిని స్వెట్టరు చేతిలోకి దూర్చి, అవతలివైపు నుంచి మెల్లగా లాగుతోంది షరోండా. ఆ చేతికి తన పని తాను చేసుకునే ఓపిక పోయి మూడేళ్ళయింది. ఆ తంతుతో తనకేమీ సంబంధం లేనట్టు వెర్నా కుడిచేత్తో ఒక కవరు పట్టుకుని, దాని మూలని పళ్ళతో చింపుతోంది.

"నిమిషం ఆగితే నేను చింపిపెడతాను కదా, మిస్ వెర్నా."

"ఉన్న పళ్ళకి కాస్త పని ఉండనీ. ఊరికే కూచుంటే అవీ ఈ చెయ్యిలాగే బద్ధకిస్తాయి."

కవరు కౌంటీ ఆఫీసుది. ఏటా చలికాలం పోతూపోతూ దాన్ని పారేసి పోతుంది. నువ్వింకా బీదదానివేనా, నీ వొంట్లో ఇంకా బాగాలేదా, నిరుటికీ ఇప్పటికీ ఏమైనా బాగుపడ్డావా అని మర్యాదగా అడిగే ఎనిమిది పేజీల కాగితం. నది ఒడ్డున ఉన్న ఆ తొమ్మిది అంతస్తుల టవర్లో నూరుమంది ముసలివాళ్ళుంటే అందులో ముప్పాతికమంది రెండు కార్డులవాళ్ళే. మెడికేర్ ఒకటి, మెడికెయిడ్ ఒకటి. చెవి సరిగ్గా వినబడనివాళ్ళకి ఆ రెండు పేర్లూ ఒకటే కాబట్టి టవర్లో అందరూ పెద్దకార్డు, పేదకార్డు అనుకుంటారు. పెద్దకార్డు అరవై అయిదు నిండిన ప్రతివాళ్ళకీ వచ్చేది. డాక్టర్నీ ఆసుపత్రినీ చూసుకుంటుంది. పేదకార్డు ఏమీ లేనివాళ్ళకి వచ్చేది. మొదటిది ఎక్కడ చేతులెత్తేస్తుందో అక్కడ అందుకుంటుంది. ముసలిమనిషికి పొద్దున్నే స్నానం చేయించి, గుండీలు పెట్టి, గుడ్డు ఉడకేసి పెట్టే మనిషి అవసరమని పెద్దకార్డుకి తెలీదు. షరోండా వారానికి ఆరు రోజులు, పూటకి నాలుగు గంటలు వచ్చేది పేదకార్డు మీదే.

వెర్నా కాగితం బల్లమీద పరిచి, జారిపోకుండా మూలన ఉప్పుబుడ్డి పెట్టి, ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోయింది. పదకొండో ప్రశ్న దగ్గర నవ్వింది. ఈ ఏడాది మీ ఇంట్లో ఏదైనా మార్పు జరిగిందా, జరగబోతోందా: విడాకులు, పెళ్ళి, మరణం. మూడూ ఒకే వరసలో, పక్కపక్క గళ్ళలో.

"చూడు, పెళ్ళిని చావు పక్కనే పెట్టారు. నడవడం కష్టమయ్యేవాళ్ళకి దగ్గరగా ఉంటుందని కాబోలు," అంటూ పెళ్ళి గడిలో గీత పెట్టబోయింది.

పెళ్ళి సంగతి టవరంతా ఎరుగుదురు. ఆరో అంతస్తులో ఉండే ఎమిల్ డ్రాహోష్ నలభై ఏళ్ళు నదిమీద బొగ్గు పడవలు ఒకదానికొకటి కట్టిన మనిషి. మూడు వారాల కిందట చర్చి వ్యాను దగ్గర, ఆమె బూటు తాడు ఊడిందని మెట్టుమీద మోకాలేసి కట్టిపెడుతూ, తలెత్తకుండానే అడిగాడు, ఈస్టర్ వెళ్ళాక పెళ్ళి చేసుకుందామా అని. ముందు ముడి సరిగ్గా వెయ్యి, అందామె. వేశాడు. సరేనంది.

షరోండా దువ్వెన పట్టుకున్న చెయ్యి ఆపింది. ఆ గీత పెట్టేముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటే మంచిదంది. ఇదివరకు తను చూసుకున్న ఒకావిడ సంగతి చెప్పబోయి, సగంలో మానేసింది.

ఫోన్లో యాభై నిమిషాలు సంగీతం వినిపించారు. ఈలోగా షరోండా గిన్నెలు కడిగి, పక్క మార్చి, బట్టలు మడతపెట్టింది. చివరికి ఒక కుర్రాడు పలికాడు. మంచివాడే. పెళ్ళి అనగానే సంతోషపడి శుభాకాంక్షలు చెప్పాడు. పెళ్ళికొడుకు ఏం చేసేవాడు, పింఛను వస్తుందా, దాచుకున్నదేమైనా ఉందా అని అడిగాడు. ఆమె తెలిసినంతవరకు చెప్పింది. కాసేపు మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"పెళ్ళయితే మీ ఇద్దర్నీ ఒకే ఇల్లుగా చూస్తామండీ. ఆయనకొచ్చేదీ, ఆయన దాచుకున్నదీ మీ లెక్కలోకి వస్తుంది. అప్పుడిక మీకు ఈ కార్డు ఉండదు."

"ఆయన పింఛను వద్దనుకుంటే?"

"అలా వద్దనుకోడానికి ఉండదండీ."

"మరి షరోండా?"

"ఆవిడెవరండీ?"

"నాకు స్నానం చేయించే అమ్మాయి."

మీటల చప్పుడు ఆగింది. "ఆవిడ కూడా ఉండరండీ," అన్నాడు.

పెళ్ళి చేసుకోకుండా, నలుగురిలో మొగుడూ పెళ్ళాలమని చెప్పుకు తిరిగినా అదే లెక్క కిందికి రావచ్చని, అది తన మాట కాదని, పైనుంచి వచ్చిన నిబంధనని కూడా చెప్పాడు. ఇంకేమైనా సాయం కావాలా అని అడిగాడు. వద్దంది.

షరోండా వంటగది గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది. ఫోన్ మాటలు గదంతా వినిపించేలా పెట్టినవే కనక ఆమెకి చెప్పాల్సిందేమీ మిగల్లేదు. వెర్నా కాగితం మడిచి రొట్టెల డబ్బా కింద పెట్టింది. సోమవారం పది గంటలకి ఆఫీసునుంచి మనిషి వస్తుందని, ఆమెకెంత సాయం అవసరమో కళ్ళారా చూసి రాసుకుంటుందని ఆఖరిపేజీలో ఉంది.

"ఎమిల్‌తో అనకు," అంది వెర్నా.

గురువారం చర్చి కింది హాల్లో పిరోగీల పని. ఈస్టర్ ముందు తపస్సు కాలంలో శుక్రవారం శుక్రవారం అమ్మే పిరోగీలన్నీ ముందురోజే చేసిపెట్టుకోవాలి. పన్నెండుమంది ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు, పొడుగాటి రెండు బల్లలు. ఒక బల్లమీద పిండి వత్తి డబ్బామూతతో గుండ్రంగా కోస్తారు. రెండో బల్లమీద ఒక్కో బిళ్ళలో బంగాళాదుంప, జున్ను కలిపిన ఉండ పెట్టి, కజ్జికాయలా మడిచి, అంచులు నొక్కుతారు. అంచు ఎక్కడ వదులైనా మరిగే నీళ్ళలో నోరు తెరుస్తుంది. నోరు తెరిచిన పిరోగీని చూస్తే ఇర్మా కూడా నోరు తెరుస్తుంది. ఆ హాలుకి ఇర్మా ఇరవై రెండేళ్ళుగా మకుటం లేని మహారాణి.

వెర్నా, ఎమిల్ బల్ల చివర కూచుంటారు. ఎమిల్ అరచేతిలో బిళ్ళ పరిచి పట్టుకుంటాడు. వెర్నా ఉండ పెడుతుంది. అతను మడుస్తాడు. ఆమె బొటనవేలితో, చూపుడువేలితో అంచు నొక్కుకుంటూ వస్తుంది. ఇద్దరికీ కలిపి మూడు చేతులు. అందులో ఒకదానికి చిటికెనవేలు లేదు. అది ఎప్పుడో పడవల ఇనపతాడులో పోయింది. అయినా ఆ చివరినుంచి వచ్చిన పళ్ళెంలో పిరోగీ ఒక్కటీ విడదని ఇర్మాయే ఒప్పుకుంది.

"ఏమయ్యా పెళ్ళికొడుకా, ఇవాళేమిటి ఇంత నెమ్మది? పెళ్ళిరోజు దాకా ఇదే పళ్ళెమా?" అంది ఇర్మా వెనకనుంచి.

"నీ మొగుడి పళ్ళెం చూశాగా ఇర్మా. త్వరగానే చేశాడు. సగం నీళ్ళలో ఈదుతున్నాయి," అన్నాడు ఎమిల్.

బల్లంతా నవ్వింది. ఇర్మా మొగుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇర్మా ఏప్రాన్ జేబులోంచి ఒక నోటు పుస్తకం తీసి కళ్ళజోడు పెట్టుకుంది. ఆ నది లోయ ఊళ్ళలో పెళ్ళంటే కేకు కాదు, కుకీల బల్ల. ఎవరింట్లోంచి ఏ రకం, ఎన్ని డజన్లు వస్తాయన్నది పెళ్ళిముచ్చటలో సగం. ఆక్రోటు కొమ్ములు తను చేస్తానంది ఇర్మా. ఆప్రికాట్ మడతలు ఇంకొకామె చేస్తానంది. క్రీము గొట్టాలు చెయ్యడం వచ్చిన ఆఖరి మనిషికి చేతులు వణుకుతున్నాయని, అయినా ఆవిణ్ణి అడక్కపోతే చచ్చేదాకా మాట్లాడదని, అందుకని ఆవిడకి రెండు డజన్లు రాయమని మూలనుంచి ఒకావిడ సలహా ఇచ్చింది. పుస్తకంలో వరసలు పెరిగిపోతున్నాయి.

ఎమిల్ చెవులు ఎర్రబడ్డాయి. సంతోషం వస్తే అతనికి ముందు చెవులకి తెలుస్తుంది. వెర్నా తల వంచుకుని అంచు నొక్కుతోంది. నొక్కినచోటే మళ్ళీ నొక్కుతోంది. పిండి చిరిగి దుంపముద్ద వేలికి తగిలింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు ఎమిల్ నెమ్మదిగా.

"పిండి పల్చగా వత్తారు," అంది.

మధ్యాహ్నం వ్యాను దిగి ఇద్దరూ లిఫ్ట్ ఎక్కారు. ఎమిల్ కనుబొమల నిండా పిండి. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. వెర్నా వాకర్ బయటికి నెట్టి, వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది. బాగా ఆలోచించానని, ఈ వయసులో పెళ్ళీ అదీ ఏం బాగుంటుందని, ఇర్మాని ఆ పుస్తకం మూసెయ్యమని చెప్పాలని.

మూసుకోబోయిన తలుపుకి ఎమిల్ బూటు అడ్డం పెట్టాడు. తలుపు బూటుని కొట్టి వెనక్కి వెళ్ళింది.

"ఓపిక లేకా, ఇష్టం లేకా?"

"ఇష్టం లేక."

తలుపు ఇంకోసారి బూటుని కొట్టింది. ఈసారి అతను కాలు తీసేశాడు.

శుక్రవారం సాయంత్రం అతను రాలేదు. శనివారమూ రాలేదు. రోజూ నాలుగు గంటలకి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూచుని, నదిమీద పోయే పడవల్ని చూసి వాటిని నడిపేవాళ్ళ తప్పులు ఎంచడం అతని అలవాటు. ఆ రెండు రోజులూ పడవలు తప్పుల్లేకుండా పోయాయి. శనివారం షరోండా లాండ్రీ గదినుంచి వచ్చి, అక్కడ మిస్టర్ ఎమిల్ ఒకే తువ్వాలుని మూడుసార్లు మడతపెట్టి మూడుసార్లు విప్పడం చూశానని చెప్పింది.  ఆ పూట వెర్నా గుడ్డు సగం వదిలేసింది.

ఆదివారం పూజలో అతను మూడు వరసలు వెనక కూచున్నాడు. పూజయ్యాక వ్యాను కోసం ఆగకుండా సన్నని మంచువానలో నడిచి వెళ్ళిపోయాడు. డెబ్భై ఏడేళ్ళ మనిషి, టోపీ అయినా లేదు. వ్యాను అతన్ని దాటిపోతున్నప్పుడు వెర్నా తిరిగి చూడలేదు. చూస్తే ఆపమనాల్సొస్తుంది.

భోజనం వేళ దాటాక ఆమె వాకర్ పట్టుకుని బయల్దేరింది. ఆదివారాలు షరోండా రాదు. స్వెట్టరు వేసుకోవడం ఆమెవల్ల కాలేదు, భుజాలమీద కప్పుకుంది. లిఫ్ట్‌లో రెండు అంతస్తులే. ఆరో అంతస్తు వరండా మాత్రం ఆమె అనుకున్నదానికంటే పొడుగు. రెండుసార్లు గోడకి ఆనుకుని ఆగింది.

ఎమిల్ మేజోళ్ళతోనే వచ్చి తలుపు తీశాడు. ఆమెని చూసి, భుజంమీంచి జారుతున్న స్వెట్టరు చూసి, మాట్లాడకుండా దాన్ని సర్ది, కుర్చీ లాగాడు. ఆమె కూచుని ఊపిరి తీసుకుని, మంగళవారం నాటి కాగితం సంగతీ ఫోన్ సంగతీ మొదట్నించీ చెప్పింది. అతను నిలబడే విన్నాడు.

"ఇది చెప్పకుండా ఇష్టం లేదన్నావా?"

"నీకు చెప్తే ఏదో ఒకటి చేస్తావు."

"చేస్తాను మరి. పింఛను వద్దని రాసిస్తా."

"రాసివ్వడానికి లేదట. అడిగాను."

"అయితే బ్యాంకులో ఉన్నది తీసి నదిలో పారేస్తా."

"నదికి నువ్విచ్చిన వేలు చాల్లే."

అతను కిటికీదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఆ షరోండా చేసే పనేదో తనే చేస్తానన్నాడు. ఏముంది, స్నానం చేయించడం, బట్టలు తొడగడం. ఒక్కొక్కటి వెయ్యి టన్నుల పడవల్ని లాగి కట్టినవాణ్ణి, నిన్ను తొట్టిలోకి దింపి పైకి తీయలేనా అన్నాడు.

"పడవకి సిగ్గుండదు ఎమిల్. నాకుంది." వెర్నా తన ఎడమచేతిని ఒళ్ళో సర్దుకుంది. "పైగా నీ నడుం సంగతి నాకు తెలీదా. ఇద్దరం తొట్టిలో పడితే తియ్యడానికి ఫైరింజన్ రావాలి. ఆ పనికి షరోండా ఉంది. నువ్వు నాకు వేరే పనికి కావాలి."

"ఏ పనికి?"

"ఎదురుగా కూచోడానికి."

అతను వచ్చి ఎదురుగా కూచున్నాడు.  తర్వాత అతను అడిగాడు, సరే, పెళ్ళి లేదు, మరి నలుగురిలో నిన్ను నాకేమని చెప్పుకోను అని. ఏమనీ చెప్పుకోకూడదంది ఆమె. రేపు పది గంటలకి ఆఫీసునుంచి ఒకామె వస్తుందని, సాయంత్రాలు నీకెవరు సాయమని అడుగుతుందని, ఎవరూ లేరని తను చెప్తుందని చెప్పింది.

"అంటే నేను ఎవర్నీ కాదు."

"కాగితం మీద."

ఎమిల్ తన అరచేతులు చూసుకున్నాడు. "మా ఆవిడ పోయి పదకొండేళ్ళు, వెర్నా. ఈ పదకొండేళ్ళూ నేను ఎవరికీ ఏమీ కాను. కాగితం మీదా కాను, బయటా కాను. ఇన్నాళ్ళకి మూడు వారాలపాటు ఒకరికి ఏదో అయ్యాను. మళ్ళీ అలాగే ఉండమంటున్నావు."

వెర్నా స్వెట్టరు అంచు మడిచి, మళ్ళీ విప్పింది.

"నేనక్కడుంటే దాచలేను. అడిగితే ఉన్నమాట అనేస్తాను. అంచేత రేపు రాను," అన్నాడు. కోపంగా అనలేదు. ఆమె వెంట లిఫ్ట్ దాకా, అక్కణ్ణించి నాలుగో అంతస్తులో ఆమె గుమ్మం దాకా వచ్చాడు. ఆ తలుపు బిర్రుగా ఉంటుంది. పిడిని పైకెత్తి భుజంతో నెట్టాలి. నెట్టి తీసిపెట్టి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు.

సోమవారం తొమ్మిదింటికి జాకెట్టు దగ్గర తగవు మొదలైంది. వెర్నా ముత్యాల గుండీల జాకెట్టూ, పెదవులకి రంగూ కావాలంది. షరోండా రెండూ వద్దంది. ఇవాళ బాగా కనబడాల్సిన రోజు కాదని, ఎంత చెయ్యలేరో అంతా కనబడాలని, లేకపోతే గంటలు తగ్గిస్తారని నచ్చచెప్పింది.

"ముష్టికి కూచున్నానా? ముప్ఫై ఏళ్ళు బడి వంటింట్లో ఈ ఊరి పిల్లలందరికీ అన్నం పెట్టినదాన్ని."

"తెలుసు. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను," అంది షరోండా. "నా కోసం ఆ రంగు తుడిచెయ్యండి, మిస్ వెర్నా. నాకు ఈ ఇంటి పని పోకూడదు."

వెర్నా రంగు తుడిచేసింది. ముత్యాల గుండీలు మాత్రం ఉంచుకుంది.

పదయింది. పదింబావు దాటింది. ఎవరూ రాలేదు. వెర్నా నాలుగైదుసార్లు లోలోపల అప్పజెప్పుకుంది: ఎవరూ లేరు, నాకెవరూ లేరు. పదిన్నరకి బయట అడుగులు వినిపించాయి. తలుపు పిడి పైకి లేచింది, భుజం తగిలిన చప్పుడయింది, తలుపు తెరుచుకుంది. మొదట ఎమిల్ కనిపించాడు, చేతిలో ఎవరిదో తడిసిన సంచీ. వెనక నలభై ఏళ్ళ ఒకామె, కోటుమీద మంచువాన చుక్కలు.

కింది గంట నిన్నటినుంచి మోగడం లేదు. ఆమె అరగంట వానలో నిలబడి నొక్కుతూ ఉంటే, పైకి వెళ్ళకూడదని కింది హాల్లో పేకాట దగ్గర కూచున్న ఎమిల్ చూసి తలుపు తీశాడు. నాలుగో అంతస్తు హోర్న్యాక్ అనగానే అందరూ అతనివైపే చూశారట. ఇదంతా ఆమే నవ్వుతూ చెప్పింది. తన పేరు కారిన్ విట్మర్ అని, ఆలస్యానికి క్షమించాలని అంది. ఎమిల్ సంచీ కుర్చీమీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా గుమ్మంవైపు తిరిగాడు.

"మీరూ ఉండండి సర్. మిమ్మల్ని కూడా ఒకటి అడగాలి," అంది కారిన్. ఆమె చూపు ఒకసారి అతను అలవాటుగా ఎత్తి తీసిన తలుపు పిడిమీదికి వెళ్ళి వచ్చింది.

ఎమిల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని గోడవార నిలబడ్డాడు.

కారిన్ ల్యాప్‌టాప్ తెరిచింది. ఎడమచెయ్యి ఎత్తమంది. వెర్నా ఎత్తింది, మోచెయ్యి బల్లమీంచి రెండంగుళాలు లేచి వణికి పడిపోయింది. గుండీ పెట్టమంది. పైనున్న ముత్యం వేళ్ళ మధ్య రెండుసార్లు జారింది. కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేవమంది. లేవలేకపోయింది. గోళ్ళు ఎవరు కత్తిరిస్తారు, మందులు ఎవరు తీసిస్తారు, పడిపోయి ఎన్నాళ్ళయింది. కారిన్ గొంతు మెత్తగానే ఉంది. ప్రశ్నలే అలాంటివి. స్నానాలగదికి వేళకి చేరుకోగలరా, ఎప్పుడైనా చేరుకోలేకపోతే ఎవరు శుభ్రం చేస్తారు అన్న చోట వెర్నా కాసేపు ఆగింది. ఎమిల్ కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. అద్దంలో అతని చెవులు కనిపిస్తున్నాయి, పాలిపోయి ఉన్నాయి.

"షరోండా చేస్తుంది," అంది వెర్నా. "ఆదివారమైతే సోమవారం దాకా అలాగే ఉంటాను."

కారిన్ రాసుకుంది.

"సాయంత్రాలూ, ఆదివారాలూ మీకు ఇంకెవరి సాయమైనా ఉందా?"

అప్పజెప్పుకున్న మాట నాలిక చివరే ఉంది. వెర్నా నోరు తెరిచింది. కిటికీ దగ్గర ఎమిల్ వీపు కనిపిస్తోంది. బట్టతల కింద మెడమీద జుట్టు ఎవరూ కత్తిరించక ఎగుడుదిగుడుగా పెరిగింది. ఈ మాట ఆ వీపుకి వినబడాలి. నాకెవరూ లేరని అతను వింటుండగా చెప్పాలి. ఎవరికీ ఏమీ కానని నిన్న అరచేతులు చూసుకున్న మనిషి ఎదుట.

"ఎవ..." అంది.  మళ్ళీ మొదలుపెట్టింది. "ఈయన ఉన్నారు."

కుర్చీ వెనక షరోండా చేతివేళ్ళు బిగుసుకున్నాయి.

"ఈయన మీకేమవుతారు?"

"ఈయన నా..." అంది వెర్నా. చెప్పెయ్యడానికే నిశ్చయించుకుంది. కార్డు పోతే పోనీ అనుకుంది. అంతకంటే తేలిగ్గా ఏ మాటా ఆమె నోట్లోకి ఎన్నడూ రాలేదు.

"పొరుగువాణ్ణి," అన్నాడు ఎమిల్.

ఇటు తిరిగాడు. టోపీ రెండు చేతుల్తో గుండెకానించి పట్టుకున్నాడు. "ఆరో అంతస్తు, పన్నెండో నంబరు. డ్రాహోష్. పొరుగువాణ్ణి."

"ఏం సాయం చేస్తూంటారు?"

"ఏముందండీ. డబ్బాల మూతలు తీసిపెడతాను. వాన వస్తే కిటికీ వేస్తాను. ఆ తలుపు బిర్రు, ఆవిడవల్ల కాదు. బూటు తాళ్ళు కడతాను. చర్చి మెట్లమీద ఎడమపక్కన ఉంటాను, ఆవిడ పడేది అటే కనక. సాయంత్రం కాసేపు కూచుంటాను. ఆవిడకి మాట్లాడాలని లేకపోతే మాట్లాడను."

కారిన్ రాయడం ఆపేసింది. "ఇవి మీరు చెయ్యాల్సిన పనులా?"

"కాదు. ఎవరూ చెయ్యమనలేదు."

"అయితే రేప్పొద్దున మానెయ్యొచ్చు."

"మానెయ్యొచ్చు."

"మానేస్తారా?"

"లేదండీ," అన్నాడు ఎమిల్. "ప్రాణం ఉన్నంతవరకు లేదు."

 కారిన్ అతన్ని చూసింది, వెర్నాని చూసింది. తర్వాత తెరవైపు తిరిగి చాలాసేపు చూస్తూ కూచుంది. ఒక్క మాట కొట్టింది.

"పొరుగు," అని పైకే చదివింది. "నా గడిలో పట్టేది ఇంతే. గంటలు నిరుటిలాగే ఉంచమని రాస్తున్నాను. ఆదివారం ఒక పూట కలపమని కూడా రాస్తాను. వాళ్ళు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు."

ల్యాప్‌టాప్ మూసింది. కోటు తొడుక్కుంటూ వెర్నా దగ్గర ఆగి, సగంలో వదిలేసిన ముత్యపు గుండీ తనే పెట్టి వెళ్ళిపోయింది. షరోండా ఆమెని కిందిదాకా దిగబెట్టి వస్తానని వెంట వెళ్ళింది. లిఫ్ట్ పక్కన షరోండా ఏడ్చిన సంగతి వెర్నాకి చాలా రోజుల తర్వాత గాని తెలీలేదు.

ఎమిల్ ఇంకా గోడవారనే నిలబడి ఉన్నాడు.

"ఉన్నమాట అనేస్తానన్నావుగా," అంది వెర్నా.

"నువ్వు అనెయ్యబోతున్నావని తెలిసింది. అందుకని ముందు నేనన్నాను."

ఆమె కుడిచెయ్యి చాపింది. అతను వచ్చి కిటికీ పక్క కుర్చీ దగ్గరికి లాక్కుని కూచుని ఆ చెయ్యి పట్టుకున్నాడు. కింద నదిమీద ఒక పడవ బారు పోతోంది. అతను దాన్ని చూశాడు గాని తప్పేమీ ఎంచలేదు.

"ఫాదర్‌కి నేను చెప్తాను," అంది వెర్నా కాసేపయ్యాక.

"ఏమని?"

"పెళ్ళి లేదని. నిన్ను వదిలేదీ లేదని."

"ఇర్మాకో?"

"ఇర్మాకి నువ్వు చెప్పు. నాకంత ధైర్యం లేదు."

అతను నవ్వాడు. నవ్వు ఆగాక, తనని ఆవిడ కాదందని చెప్తానన్నాడు. మొదటే చెప్పాను నీ మొహానికి అంత ఎక్కువని అని ఇర్మా అంటుందని, అననియ్యమని అన్నాడు. ఊరంతా నవ్వుకున్నా పరవాలేదట, నవ్వినవాళ్ళెవరూ వాళ్ళిద్దర్నీ మొగుడూ పెళ్ళాలని అనరు కదా. వెర్నా వద్దని చెప్పబోయి అతని మొహం చూసింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. గురువారం నుంచి అతను నిద్రపోలేదని అప్పుడు అర్థమయింది. మాట మధ్యలోనే తల పక్కకి వాలింది. చెయ్యి మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

కిటికీ సందులోంచి చలి వస్తోంది. ఆమె తన చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని, మోకాళ్ళమీదున్న శాలువా తీసి అతనిమీద వేసింది. అందకుండా జారి కింద పడింది. వాకర్ కొసతో దాన్ని దగ్గరికి లాక్కుని, వంగి అందుకుని, మళ్ళీ వేసింది. ఒక భుజంమీద నిలిచి రెండోవైపు జారిపోయింది. అప్పుడే తిరిగొచ్చిన షరోండా గుమ్మంలోంచి చూసి గబగబా రెండడుగులు వేసింది. వెర్నా తల అడ్డంగా ఊపింది. షరోండా ఉన్నచోటే ఆగిపోయింది.

వెర్నా శాలువా అంచు పళ్ళతో పట్టుకుంది. కుడిచేత్తో రెండో అంచు అతని భుజం వెనక్కి తోసి, కుర్చీ వీపుకీ భుజానికీ మధ్య వేళ్ళతో నొక్కింది. పళ్ళ దగ్గరి అంచు వదిలి, దాన్ని ఇవతలి భుజం వెనక్కి తోసి, అలాగే నొక్కింది. చాలాసేపు పట్టింది. చివరికి నిలిచింది.